టాబ్లెట్‌కు నువ్వు కట్టిన కట్టు

నాయనా,

నువ్వు పోయి ఏడాదయినా నీ మీద కోపం తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

నీ టాబ్లెట్ బ్యాటరీ ఉబ్బి తెర పైకి లేచిందని, మార్పించమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? "ఇన్నేండ్లుగా ఇరిగిన ఎముకలు కడతా ఉండా. వాపు సంగతి నాకే సెప్తావా?" అన్నావు. విరిగిన చేతికి కట్టినట్టే దానికీ రెండు వెదురు బద్దలు పెట్టి, గుడ్డ బిగించి చుట్టావు. దాన్ని తలగడ పక్కనే పెట్టుకుని పడుకున్నావు. పేలి ఉంటే?

నిన్న తిరుపతిలో రిపేరుకిచ్చాను. షాపతను పడీపడీ నవ్వాడు.

"ఎవురక్కా దీనికి పుత్తూరు కట్టు కట్టినాడు?"

నేను విప్పుతానని చెయ్యి చాపేలోపే ముడి దగ్గర కత్తెర వేసేశాడు. షాపులో వాళ్లంతా తిరిగి చూసేలా అరిచాను.

"పాత గుడ్డే కదక్కా!" అని బిత్తరపోయాడు.

పాత గుడ్డే. కానీ ఆ ముడి విప్పడం నాకొచ్చు. నాకు పదేళ్లప్పటి నుంచి నీ దగ్గరికొచ్చినవాళ్ల కట్లన్నీ విప్పింది నేనే కదా. కట్టడం నేర్పమంటే మాత్రం "ఆడబిడ్డవు, నీకెందుకు మే?" అన్నావు. నేర్పడానికి నీకు కొడుకూ లేడు. అయినా నాకు నేర్పలేదు. అంత మొండితనం ఏమిటి నాయనా నీకు?

కొత్త బ్యాటరీ బాగానే ఉంది. పొద్దుటి నుంచి టాబ్లెట్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఇందాక ఆ బద్దలే పెట్టి, కొత్త గుడ్డతో దానికి నీ కట్టు కట్టబోయాను. నాలుగుసార్లు కట్టాను. నాలుగుసార్లూ, నేను విప్పే పని లేకుండానే ఊడిపోయింది.