చెయ్యి ఆగిన చోటు

గజపతినగరం,
8-9-1968, ఆదివారం.

లీలారాణి నర్సమ్మ గారికి నమస్కారాలు. నేను మీ వార్డులో తొమ్మిదో మంచం మీదున్న సర్వేయరు జగన్నాధం గారి బావమరిదిని. ఆయన భార్య దాలమ్మ మా అప్ప. ఆవిడకి చదువు రాదు. దయచేసి ఆవిణ్ణి వరండాలోకి పిలిచి ఈ కింది ఉత్తరం చదివి వినిపించండి. మా బావ చెవిన మాత్రం పడనివ్వకండి.

అప్పా,

నీ తమ్ముడు నరసింగు నీ కాళ్ళకి దండం పెట్టి రాస్తున్నాను. పరాయి మనిషి నోట నువ్వు ఇది వింటావని తలుచుకుంటేనే సిగ్గేస్తోంది. నా నోటితో చెప్పే ధైర్యం నాకుంటే మొన్న బుధవారం ఆసుపత్రిలో నీ పక్కన మూడు గంటలు కూర్చుని, బావ కోసం నువ్వు దాచిన అరటిపళ్ళు రెండు తినేసి, నోరు తుడుచుకుని వచ్చేవాణ్ణి కాదు.

ఇవాళ ఆదివారం కదా, పొద్దుటే మన అరుగు మీద ముప్ఫైమంది దాకా చేరారు. మందు లేదు పొమ్మన్నాను. "మందు లేకపోడమేటి బాబూ, దొడ్లో మొక్కలు కనిపిస్తన్నాయి కదా," అని ఎర్రన్న నిలదీశాడు. బొండపల్లి నుంచి కూతుర్ని బండిలో పడుకోబెట్టుకుని వచ్చాడు పాపం. నాకు ఒంట్లో బాగోలేదని అబద్ధమాడి తలుపేసుకున్నాను. మన తాత నాటి నుంచీ ఈ ఇంట్లో పచ్చకామెర్ల మందు ఆగడం ఇదే మొదలు. ఇంక ఇవ్వను అప్పా. దొడ్లో మొక్కలు కూడా పీకించేద్దామనుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే అయ్య బల్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

నీకు గుర్తుండే ఉంటుంది. మందు పొయ్యడానికి ముందు అయ్య ఒక్కొక్కర్నీ ఆ టేకు బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టేవాడు. కుడి డొక్క కింద నాలుగు వేళ్ళు పెట్టి, ఊపిరి పీల్చమని, నొక్కి చూసేవాడు. చెయ్యి కడుక్కోవడానికి నువ్వు చెంబుతో నీళ్ళు పట్టుకుని పక్కన నిలబడేదానివి. మెత్తగా తగిలితే మందు పోసేవాడు. రాయిలాగా, గడ్డలు గడ్డలుగా తగిలితే మాత్రం చేతులు జోడించి, "నాయినా, ఇది మా మందుకి లొంగీది కాదు, పెద్దాసుపత్రికెల్లు," అనేవాడు. ఒకసారి చేతులు జోడించాడంటే ఎవరు ఎంత ఏడ్చినా, ఎంత పెద్దవాళ్ళ చేత చెప్పించినా మందు గిన్నె ముట్టేవాడు కాదు. మందివ్వడం కన్నా ఇవ్వకపోవడం నేర్చుకోవడమే కష్టమని నాతో ఎన్నోసార్లు అన్నాడు. నేను ఇవ్వడం మాత్రమే నేర్చుకున్నాను.

అయ్య పోయాక తెలిసింది, జనానికి కామెర్ల కన్నా ఆ బల్లంటేనే ఎక్కువ భయమని. "ఆ బల్ల సూస్తేనే సగం పేణం పోతాదిరా," అంది గున్నమ్మ పెద్దమ్మ. సరే అని బల్లని పశువుల సాలలోకి చేర్చి గడ్డి మోపులు వేశాను. నిలబడ్డవాళ్ళ కడుపు మీదే చెయ్యి అలా తాకించి మందు పోసి పంపేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి ఆదివారం జనం రెండింతలయ్యారు. నరసింగరావు చేతిలో అమృతముందని రాయగడ దాకా పేరు పాకింది. దాచడం ఎందుకు, ఆ పేరు నాకు మహా రుచించింది. సంతలో నేను నడుస్తూంటే జనం పక్కకి తప్పుకుని దారిచ్చేవారు.

శ్రావణంలో ఆ ఆదివారం నువ్వూ బావా బస్సు దిగి వచ్చారు. బావ కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. అయినా ఆయన వెటకారం ఆయనదే. "ఏటి వైద్యుడా, వరసలో నిలబడాలా, ఇంటల్లుడికి ముందు పోస్తావా?" అన్నాడు. అరుగంతా నవ్వింది. నువ్వొక్కదానివే నవ్వలేదు. "ఒరే, బల్లేదిరా? పడుకోబెట్టి సూడు," అన్నావు. "బావకి బల్లేటప్పా," అని తేలిగ్గా తీసేసి, నీ మాట కాదనలేక చాప మీద పడుకోబెట్టాను. పక్కటెముకల సందున చిన్న నల్లమచ్చ ఉంది, ఎప్పటిదో సెగ్గడ్డ అనుకున్నాను. దాని కింద వేళ్ళు పెట్టి నొక్కాను.

నా చెయ్యి ఆగిపోయింది. ఎన్నేళ్ళు నిర్లక్ష్యం చేసినా అయ్య నేర్పిన చెయ్యి కదా, దానికి తెలిసిపోయింది. రాయి. అంచు వెంట నిమ్మకాయంత గడ్డలు.

తల ఎత్తితే నువ్వు నా మొహమే చూస్తున్నావు. "ఏటిరా?" అన్నావు. నేను, "ఏటీ లేదప్పా. ఉత్త కామెర్లే. మూడాదివారాలు తాగితే పోతాది," అన్నాను.

ఇంటల్లుడికి నలుగురిలో చేతులు జోడిస్తే పుట్టింటి గడప నుంచి నిన్ను ఏడిపించి పంపినట్టవుతుందని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. నలభైమంది చూస్తున్నారు, సొంత బావనే బాగుచెయ్యలేనివాడు మనల్నేం బాగుచేస్తాడని రేపట్నుంచి రారు, అన్నది మిగతా సగం. నా పేరు కోసం నీ మొగుడి కడుపులో రాయిని దాచాను. మందు తాగినవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పకూడదు, వెనక్కి చూడకూడదు కదా. బావ చూడలేదు. నువ్వు మాత్రం వీధి మలుపులో వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వావు. ఆ నవ్వు నాకు అన్నం తినేటప్పుడు కూడా గుర్తొస్తోంది.

మూడు ఆదివారాలు పోశాను. చప్పిడి కూడు పెట్టమన్నాను, పెట్టావు. బావ కడుపు ఉబ్బాక గానీ ఆసుపత్రి మాట ఎత్తలేదు. బుధవారం డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, ఇది లివరు కేన్సరని చెప్పారు. రోజులు ఎలా అంచనా వేస్తారో కూడా చెప్పారు. గడ్డ ఒక పక్కనే ఉందా, రెండు పక్కలా పాకిందా, కళ్ళు పచ్చబడ్డాయా, కడుపులో నీరు చేరిందా, రక్తంలో ఆల్బుమిన్ అనే సత్తువ ఎంత పడిపోయిందీ, ఇవన్నీ చూస్తారట. బావకి అన్నీ చెడ్డగానే ఉన్నాయట. తీసిన నీరు కూడా ఎర్రగా ఉందట. కోసి తీసెయ్యలేరా అని అడిగాను. "ఒక పక్కనే ఉండి, పచ్చదనమూ నీరూ రాకముందు దొరికితే ఆ ఆశ ఉంటుంది, అదీ కొద్దిమందికే. విశాఖపట్నంలో సూదిమందులు ఉన్నాయి గానీ ఈ లివరు వాటిని తట్టుకోలేదు. ఇప్పుడిక నీరు తియ్యడం, నొప్పి తగ్గించడం. రెండు నెలలు దాటడం కష్టం," అన్నారు. తరవాత నా కళ్ళలోకి చూసి, "ఈ గడ్డ ఎప్పట్నుంచి ఉందో మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా?" అని అడిగారు.

తెలీదండీ అన్నాను. అప్పటికీ బుద్ధి రాలేదు చూడు.

నేను పోసింది మందు కాదు, బావ రోజులు పారబోశాను. నన్ను తమ్ముడని పిలవకపోయినా అడగను. బావకి మాత్రం చెప్పకు, ఆయన ధైర్యం చెడిపోతుంది.

మొహం చూపించలేని నీ తమ్ముడు,
నరసింగు.


శ్రీకాకుళం ఆసుపత్రి,
10-9-1968, మంగళవారం.

ఒరే బామ్మర్దీ,

ఇంకా బతికే ఉన్న మీ బావ దీవించి రాయునది. పడుకుని రాస్తున్నాను, వరసలు వంకరగా పోతున్నాయి. ఇరవై రెండేళ్ళు జిల్లా అంతా తిన్నగా గీతలు గీసినవాణ్ణి, ఈ ఒక్కసారికి సర్దుకో.

నీ కవరు లీలారాణి విప్పింది. నువ్వు ఆవిడకి రాసిన నాలుగు ముక్కలూ చదివి, తిన్నగా నా మంచం దగ్గరికి తెచ్చి నా చేతిలో పెట్టింది. "రోగికి తెలియకుండా రోగి సంగతి మాట్లాడడం నా వల్ల కాదండీ. మీరే చదువుకోండి," అంది. నీకు లేనిది ఆ పిల్లకి ఉంది. నాకూ లేదనుకో, అదే చెప్పబోతున్నాను.

మే నెలలో భావనపాడు ఇసకలో కొలతలు వేస్తూ వంగితే డొక్కలో పొడిచినట్టయింది. అప్పటికే పంచె కట్టు రెండు మడతలు వదులైంది. ఆఫీసు పని అని మీ అప్పకి చెప్పి విశాఖపట్నం వెళ్ళాను. నువ్వు చూసిన నల్లమచ్చ సెగ్గడ్డ కాదురా వైద్యుడా. డాక్టర్లు ఎముకల సందున సూది గుచ్చి లివరులోంచి ముక్క తీసిన చోటు అది. రెండు పక్కలా ఉంది, కత్తి పెట్టడానికి లేదు అన్నారు. కళ్ళు పచ్చబడితే ఒక మెట్టు, కడుపులో నీరు పడితే ఇంకో మెట్టు అని గుర్తులు కూడా చెప్పి పంపారు. కొలతలవాణ్ణి, కొలత చెబితే భయపడను. మీ అప్పకి మాత్రం చెప్పలేకపోయాను. కళ్ళు పచ్చబడ్డాక ఆవిడే నన్ను మీ అరుగుకి లాక్కొచ్చింది. నీ చెయ్యి ఆగడం నేనూ చూశాను. చెప్పేస్తాడురా దేవుడా అని వణికాను. నువ్వు ఏటీ లేదన్నావు. గండం గడిచిందనుకున్నాను. సిగ్గుపడాల్సినవాడివి నువ్వొక్కడివే కాదు.

కాబట్టి నీ మూడు ఆదివారాలూ నా రోజులేమీ తియ్యలేదు. ఉత్తరం ఇక్కడితో ఆపేస్తే నువ్వు హాయిగా ఊపిరి పీల్చుకుంటావు. ఆపను. నేను ముందే వెళ్ళబట్టి నీ తప్పు నా మీద పని చెయ్యలేదు. నా చోట ఇంకొకడు ఉంటే, వాడికి ఒక పక్కనే గడ్డ ఉంటే, నువ్వు వాణ్ణి చంపి ఉండేవాడివి. ఈ ఏడెనిమిదేళ్ళలో ఎవరైనా అలా పోయారేమో నీకూ తెలీదు, నాకూ తెలీదు.

నీ ఉత్తరం అక్షరం వదలకుండా మీ అప్పకి నేనే చదివి వినిపించాను. నా దొంగతనం కూడా కలిపి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా పంచె మడత పెడుతున్నదల్లా పక్కన పడేసి, "రాయి, నేను సెప్పినట్టు రాయి," అంది. మాట మార్చకుండా రాస్తున్నాను:

"ఇద్దరూ దొంగలే. సెంబట్టుకు నిలబడ్డదాన్ని, నాకేటీ తెలీదనుకున్నావేట్రా? అయ్య నా సెయ్యట్టుకుని రోగి డొక్క మీద ఎట్టి, ఇదమ్మా మెత్తన, ఇదమ్మా రాయి, అని సూపించినాడు. ఆషాడంలో మీ బావకి నూనె రాస్తంటే నా సేతికే ముందు తగిలింది. నా మొగుడికి ఆ మాట నేనెలాగ సెప్తాను? అయ్య సోటులో కూకున్నోడివి, నువ్వు సెప్తావని తీసుకొచ్చినాను. అందుకే బల్లేదని అడిగినాను. నీ సెయ్యి ఆగింది. ఏటీ లేదన్నావు. నా తమ్ముడు అబద్ధమాడడు, నా సెయ్యే అబద్ధమాడింది అనుకున్నాన్రా. మూడు వారాలు నవ్వినాను. ఉప్పులేని కూడు ఎడతా కూడా నవ్వినాను. ఇప్పుడు నాకు ఆ నవ్వు తలుసుకుంటే సిగ్గేస్తన్నాది."

నిజం చెప్పాలంటే ఆ మూడు వారాలూ మీ అప్ప నవ్వు నాకు ఎంతో బాగుండేది. పెళ్ళయిన కొత్తలో అలా నవ్వేది. ఈ మాట అంటే మీద పడి కరిచింది. క్షమించానని నీకు రాయమంటావా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. పంచె మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఎర్రన్న కూతురు కడుపు సూసాడేమో అడుగు," అంది.

చూసి ఉండవు. తలుపేసుకున్నావు కదా. అప్పుడు మందు పోసి దాచావు, ఇప్పుడు మందు మానేసి దాచావు, తేడా ఏటి? మొక్కలు పీకితే సిగ్గు పోదురా. ఈ ఉత్తరం అందగానే బొండపల్లి వెళ్ళు. ఆ పిల్ల డొక్క చూడు. మెత్తగా ఉంటే మందియ్యి. రాయైతే నువ్వే బండిలో కూర్చుని ఆసుపత్రికి తీసుకురా.

శుక్రవారం ఇంకోసారి నీరు తీసి, శనివారం నన్ను ఇంటికి పంపించేస్తామన్నారు డాక్టరు గారు. మా ఆఫీసు జీపు అడిగాను. మా ఇంటికి కాదు, ముందు మీ ఇంటికే వస్తున్నాం. ఇది మీ అప్ప హుకుం, నేను సంతకం పెట్టేవాణ్ణి మాత్రమే. సాలలోంచి ఆ బల్ల తీసి, కడిగి, ఆదివారం పొద్దుటికి అరుగు మీద వేసి ఉంచు. ఎంతమంది వచ్చినా వరసలో మొదటివాణ్ణి నేను. అందరూ చూస్తుండగా నా డొక్క నొక్కి, చేతులు జోడించి, అయ్య మాట గట్టిగా చెప్పు.

మీ అప్ప చెంబుతో నీళ్ళు పట్టుకుని పక్కన నిలబడుతుంది.

మీ బావ,
జగన్నాధం.

దాలమ్మ వేలిముద్ర. (సిరా లీలారాణి అరువిచ్చింది.)