మోటారు బోటు మీద మేడ

వాడరేవు, 1987, ఆదివారం

నేను కడుతున్న బోటు సగం అయ్యాక ఈ రోజు, దాన్ని చేయించుకుంటున్న గుంటూరు మిర్చి వ్యాపారి రంగారావు గారు వచ్చి, కేబిన్ మీద ఇంకో గది కట్టమన్నారు. పిల్లలు పైన కూర్చుని సముద్రం చూస్తారట.

"పైన బరువు పెరిగితే అలకి తిరగబడుద్దండీ," అన్నాను.

"లారీ మీద మిర్చి బస్తాలు ఎంతెత్తు పేరుస్తాం! పడిపోతందా?" అన్నారు.

"లారీ కింద రోడ్డు ఊగదు కదండీ."

ఆయనకి కోపం వచ్చింది. రేపు మధ్యాహ్నం మళ్లీ వస్తారట, అప్పటికీ కాదంటే వేరే వడ్రంగిని పెట్టుకుంటారట. మోటారు బోటు పని నాకు మళ్లీ దొరుకుతుందా...

అయినా సరే. పొద్దున్నే పై గదిని మోయలేని పలచటి చెక్కతో కేబిన్ కప్పు బిగించేస్తాను. ఆయన తిడితే తిట్టనీ. తిట్టడానికి మనిషంటూ మిగులుతాడు.