స్పీకర్లో గొర్రెపిల్ల

మంగళవారం, రెంటచింతల

నక్క రాలేదు. గొర్రెపిల్ల అరుపు వినిపిస్తే వస్తుందని ఎవరో చెప్పారట, పొద్దుగూకే వేళ మా ఆయన చేను గట్టున స్పీకరు పెట్టాడు. పక్కనే పాత గొంగళి చుట్టి గొర్రెపిల్లలా కూర్చోబెట్టాడు. కర్ర పట్టుకుని కంప చాటున దాక్కున్నాడు.

ఆ అరుపు మా తెల్లపిల్లది. నక్క తిరుగుతోందని పోయిన వారమే దాన్ని తల్లికి దూరంగా కట్టేసి ఫోనులో రికార్డు చేశాడు. నిన్న ఆ పిల్లనే నక్క ఎత్తుకుపోయింది. ఇంకోదాని అరుపు పెట్టమన్నాను.

"ఏదైతే ఏందే, నక్కకేం తెలుసు?" అన్నాడు.

నక్కకు తెలియదు. అరుపు మొదలవగానే దొడ్లోంచి తల్లిగొర్రె దడి తోసుకుని పరుగెత్తింది. గొంగళిని వాసన చూసి వదిలేసింది. స్పీకరు దగ్గరికెళ్ళి, పాలు తాగమన్నట్టు పొదుగు అందేలా నిలబడింది.

"ఆపయ్యా!" అని అరిచాను. ఆపేశాడు. గొర్రె మాత్రం ఎంత లాగినా కదల్లేదు. చివరికి మళ్ళీ ఆ అరుపే పెట్టి, స్పీకరు చేత్తో పట్టుకుని ఆయన ముందు నడిస్తే, వెనకాలే ఇంటికొచ్చింది.

ఫోనులోంచి ఆ అరుపు తీసెయ్యమంటే, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. పొద్దున గొర్రె మేతకు కదలకపోతే మళ్ళీ పెడతాడేమో. వద్దనగలనో లేదో...