మారెమ్మకు రావలసింది

సాగర్ క్యాంపు,
మార్చి, 1962.

నా బిడ్డకు అక్షరాలు, నాకు ధైర్యం నేర్పిన లీలమ్మ పంతులమ్మ గారికి,

గుర్వమ్మ దండాలు. మీరు మహబూబ్‌నగరం బదిలీ అయ్యాక ఇక్కడ మనసిచ్చి మాట్లాడే మనిషి లేదు. ఆనకట్ట మీద వేలమంది పనిచేస్తున్నారు. అయినా సాయంత్రం రేకుల షెడ్డులోకి వచ్చి పొయ్యి ముట్టిస్తే, ఇంత లోకంలో నేనూ నా మారెమ్మా తప్ప ఎవరూ లేరనిపిస్తుంది. పక్క షెడ్డు బీరమ్మ పలకరిస్తుంది గానీ అన్నీ ఆరాలే. "మొగడు సచ్చిండా, ఇడిసిపెట్టిండా?" అని రోజూ కొత్తగా అడుగుతుంది. దాని నోరు పడిపోను!

మీరు కార్డులో మారెమ్మను నల్లగొండ హాస్టల్లో చేర్చమన్నారు. ఖర్చుకు దాని తండ్రిని పోషణ అడగమన్నారు, వకీలు పేరు కూడా రాశారు. ఎందుకు అడగనో మీకెప్పుడూ చెప్పలేదు. ఇక దాచలేను.

అంజన్న మరొకదాన్ని తెచ్చుకున్నప్పుడు, దేవరకొండ అవతల మా ఊళ్ళో కులపెద్దలు కూర్చుని మాకు తెగదెంపులు చేశారు. అప్పుడు మారెమ్మ నా ఒళ్ళో పాలు తాగుతోంది. పెద్దమనిషి మారయ్య, "బిడ్డ సాకుడుకు ఏటా గొర్రెపిల్లలియ్యాలె అంజన్నా" అన్నాడు. అతను సరేనని తలూపాడు. నేను లేచి నిలబడి, "నీ జీవాలొద్దు, నీ గొంగడొద్దు. నా బిడ్డను నేనే సాదుకుంట" అని అందరి ముందూ అరిచాను. నాకు పొగరన్నారు. పొగరు కాదు పంతులమ్మా, భయం! మా కులంలో పిల్లను ఎవరు సాకితే పెళ్ళినాడు ఓలి వాళ్ళదే. మగపెళ్ళివారు ఇచ్చే ఆ సొమ్ము పుచ్చుకున్నవాడు ఎవరికిమ్మంటే వాళ్ళకే పిల్లనివ్వాలి. మా బాపు పోయాక నన్ను సాకిన మేనమామ, నన్నొక్క మాట అడగకుండా ఓలి తీసుకుని ఈ అంజన్నకు కట్టబెట్టాడు. అతని మందలో ఒక్క గొర్రెపిల్లను తీసుకున్నా నా బిడ్డ అతనిదైపోతుంది. అందుకని వద్దన్నాను. ఆ తరువాత ఏడేళ్ళలో బిడ్డ బతికుందా చచ్చిందా అని చూడడానికి ఒక్కనాడు రాలేదు ఆ మహానుభావుడు.

ఇప్పుడు మారెమ్మ బడి మానేసి నాతో పాటు తట్ట మోస్తోంది. సిమెంటుకు దాని వేళ్ళు పగిలి నెత్తురు కారుతున్నాయి. రాత్రి నూనె రాస్తుంటే, "ఏం నొస్తలేదమ్మా" అని నాకే నచ్చజెప్పింది. నేను మొహం తిప్పుకుని ఏడ్చాను. పంతులమ్మా, నాకు ఒక్కటి తేల్చి రాయండి. పోషణ అడిగితే నా బిడ్డ నాకు దక్కుతుందా?

మీ గుర్వమ్మ

సాగర్ క్యాంపు,
ఆగస్టు, 1962.

ఎంత దూరాన ఉన్నా నా పక్కనే ఉన్నట్టుండే లీలమ్మ పంతులమ్మ గారికి,

గుర్వమ్మ దండాలు. "ముందు వకీలును అడుగు, తరువాత భయపడు" అని మీరు రాసిన కార్డు కొంగున ముడేసుకుని హాలియా నుంచి నల్లగొండ బస్సెక్కాను. వకీలు దశరథం గారు అంతా విని నవ్వారు.

"నువ్వు వద్దన్నవు గని, పిల్ల వద్దన్నదా? తండ్రి పెట్టేది పిల్ల హక్కు. దాన్ని నువ్వు గానీ, మీ కులపెద్దలు గానీ మాఫీ చేయలేరు. రేపు నువ్వు మారుమనువు పోయినా గా తండ్రి పెట్టాల్సిందే."

"పెడితే గుంజుకపోడా సారూ?"

"పెట్టినంత మాత్రాన పిల్ల ఆయనదయితదా? పిల్ల ఎవరికాడ ఉండాలన్నది వేరే ముచ్చట. జర ఫికర్ చేయకు."

నమ్మాను, సగమే నమ్మాను. మేజిస్ట్రేటు గారి కోర్టులో అర్జీ వేశాం. అంజన్న మందను తోలుకుని ఆలంపూర్ దిక్కు పోయాడట. సమను అందుకుని వాయిదా నాటికి వచ్చాడు. తల నెరిసింది. తిట్టాలని ఏడేళ్ళుగా మాటలు కూడబెట్టుకున్నదాన్ని, ఆ తల చూసి ఒక్కటీ గుర్తు రాలేదు.

"పిల్ల పోషణకు నెలనెలా ఇస్తావా?" అని మేజిస్ట్రేటు దొర అడిగారు.

"ఇస్త దొరా." బేరం లేదు, సాకు లేదు. ఉత్తర్వు రాశాక కూడా అతను కదలకుండా నిలబడ్డాడు. ఇంకేం కావాలన్నారు దొర.

"ఇగ నా బిడ్డను సూడొచ్చునా దొరా?"

"చూడొద్దని ఎవరన్నారు?"

"మా కులం కట్టుబాటు దొరా. సాకనోడు బిడ్డ ఉన్న గడప తొక్కొద్దు. నేను పెడ్తనన్న, ఆమె వద్దన్నది."

ఆ కట్టుబాటు నాకూ తెలుసు. నిజంగా కావలసినవాడైతే దాన్ని కాలదన్ని వస్తాడనుకున్నాను. మరొకదాన్ని తెచ్చుకున్ననాడు ఏ కట్టుబాటూ అడ్డం రాలేదు కదా అని ఇప్పటికీ నా కడుపు మండుతూనే ఉంది. అతన్ని క్షమించలేదు. మళ్ళీ ఆనాడే అయితే మళ్ళీ వద్దనే అంటాను. కానీ నేను ఏ కట్టుబాటుకు భయపడ్డానో అతనూ దానికే భయపడ్డాడని కోర్టులో తెలిసింది.

మారెమ్మ హాస్టల్లో చేరింది. షెడ్డులో నేనొక్కదాన్నే. ఒక్కదానికి వండుకోవడం చేత కావడం లేదు, రోజూ అన్నం మిగిలిపోతోంది. బీరమ్మ ఆరాలు కూడా తీయగా ఉన్నాయంటే నా గతి ఊహించుకోండి.

ఆనాడు కోర్టు బయట జరిగింది చెప్పి ముగిస్తాను. నా వెంట వచ్చిన మారెమ్మ నా కొంగు చాటుకు పోయి, "అమ్మా, గాయినెవరే?" అంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "మీ నాయిన" అన్నాను. అంజన్న దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. తాకడానికి చెయ్యి చాచి, తాకలేక వెనక్కి తీసుకున్నాడు.

"ఏం తింటవు బిడ్డా?" అన్నాడు.

ఎదురుగా ఉన్న హోటల్లో పూరీ పెట్టించాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. అతను తుంచి ముద్ద నోటి దగ్గర పెడితే, మారెమ్మ నోరు మూసుకుని నా వైపు చూసింది. తినమని నేనే తలూపాను.

మీ గుర్వమ్మ