కాపలా వంతు

అమ్మాయ్,

నీ కార్డు అందింది. చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. మూడేళ్లుగా సముద్రం పేరెత్తితే చాలు లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదానివి, ఈ చలికాలం సెలవుల్లో నాతో చేపలు పట్టడానికి వస్తానంటున్నావా! పైగా "మా ఆయన పోయిన తీరం వద్దు బావగారూ, మీరూ నేనూ ఎప్పుడూ చూడని చోటు వెతకండి" అని ఆర్డరొకటి. బడిలో పిల్లల్ని అదిలించి అదిలించి నీకా గొంతు అలవాటైపోయింది. సరే, టీచరమ్మ ఆజ్ఞ.

వెతికాను. మా వర్క్‌షాపులో లిఫ్టు తలుపులకు రంగులు వేసే పెద్దాయన ఒక చోటు చెప్పాడు. రైల్లో ఏడు గంటలు, ఆపైన బస్సు. అక్కడ లైట్‌హౌసు పక్కన ఒకావిడ రెండు గదులు అద్దెకిస్తుంది. ఫోన్ చేసి "చేపలు పడతాయా అమ్మా?" అనడిగితే, "పట్టేవాళ్లకి పడతాయి" అని పెట్టేసింది. మనిషి నాకు నచ్చింది.

కొత్త తీరమంటే కొత్త చుట్టరికం లాంటిది, మొదటిరోజే చనువు తీసుకోకూడదు. మొదటిరోజు మనం గాలం వెయ్యం. ఒడ్డున కూర్చుని పోటు ఎందాకా వస్తుందో, ఏ రాయి తడుస్తుందో, ఏది తడవదో చూసుకుంటాం. నీకు మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కావాలి, కాలి సైజు రాయి. ఉన్ని టోపీ నీ దగ్గర ఉందనుకుంటాను. ఎర సంగతి నాకు వదిలెయ్, నువ్వు చూస్తే టీ కూడా తాగవు.

ఒక విచిత్రం చెప్పనా? బూట్ల కొట్టుకు వెళ్లాను. కొట్టతను మూడు పెట్టెలు తెచ్చి ముందు పెట్టాడు. "మూడెందుకయ్యా?" అంటే, "మీరే కదండీ అడిగారు! మీకు ఎనిమిది, ఆడవాళ్లకి ఒక జత, ఇంకోటి తొమ్మిదో నంబరు" అన్నాడు. తొమ్మిది మా తమ్ముడి సైజు. నేనే అడిగానట. అడిగినట్టు నాకు గుర్తు లేదు. ఇంటికొచ్చి సామాన్ల జాబితా చూసుకుంటే ఫ్లాస్కులు మూడు, రైలు టిక్కెట్లు మూడు అని నా చేతిరాతే. కొట్టేశాను.

ఇక నియమం. లిఫ్టు బాగుచెయ్యడానికి షాఫ్టులోకి ఒకడు దిగితే పైన స్విచ్చు దగ్గర ఇంకొకడు నిలబడాలి, వాడు వేరే పని ముట్టుకోకూడదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేర్చుకున్నది అదే, అదే పట్టుకెళ్లి సముద్రం దగ్గరా పెట్టాను. గాలం వేసేవాడు దారం వంక చూస్తాడే కానీ సముద్రం వంక చూడడు. అందుకని ఒకరు కింద రాతి మీద గాలం వేస్తే, ఒకరు పైన ఉత్త చేతులతో కూర్చుని దూరపు నీళ్లు చూడాలి. పెద్ద అల లేస్తే ఈల వెయ్యాలి. ఈల వినగానే కింది మనిషి ఉన్నది ఉన్నట్టు వదిలేసి పైకొచ్చెయ్యాలి. గంటకొకసారి వంతు మారుతుంది.

నువ్వు కార్డులో రాశావు, "కాపలా మీరే కూర్చోండి. ఆయనలా కాదు, నేను ఈల వినగానే వచ్చేస్తాను" అని. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. దాని సంగతి మళ్లీ రాస్తాను.

బూట్ల సైజు కోసం చూస్తూ,
నీ బావగారు


అమ్మా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. సైజు పంపావు, టిక్కెట్లు కొన్నారా అని అడిగావు. కొన్నాను. నీ టిక్కెట్టు ఈ కవరులోనే పెట్టాను, ఇది చదివాక చింపి పారేసినా నేనేమీ అనను.

ఆ రోజు నేను ఈల వెయ్యలేదు.

ఈ ఒక్క ముక్క రాయడానికి మూడేళ్లు పట్టింది. ఆ రోజు కాపలా వంతు నాది. తమ్ముడు కింద రాతి మీద ఉన్నాడు. చేపలు ఎగబడుతున్నాయి. ఊరికే కూర్చోలేక నా గాలం కూడా నీళ్లలో వేసి, కర్రను రాళ్ల సందున గుచ్చి, కొసకు చిన్న గంట కట్టుకున్నాను. నియమం పెట్టిన పెద్దమనిషిని నేనే, తప్పిందీ నేనే. గంట మోగింది. పెద్ద చేప. వంగి దారం చుట్టడం మొదలుపెట్టాను. తల ఎత్తేసరికి రాయి నల్లగా తడిసి ఉంది, దాని మీద ఎవరూ లేరు. అప్పుడు వేశానమ్మా ఈల. గుండెలు పగిలేలా వేశాను. ఎవరు వినాలని?

అక్కడితో ఆగితే అది పొరపాటు. నేను ఆగలేదు. జనం పోగయ్యారు, పోలీసాయన "మీరు హెచ్చరించలేదా?" అని గద్దించాడు. "రెండుసార్లు ఈల వేశానండీ, వినలేదు" అని నోట్లోంచి ఊడిపడింది. తర్వాత నువ్వొచ్చావు. నీ మొహం చూసి, ఆ అబద్ధం నిలబడదేమోనని ఇంకో ముక్క అతికించాను. "'ఇంకొక్కటి అన్నయ్యా, ఇదొక్కటే' అన్నాడమ్మా" అన్నాను. వాడెప్పుడూ అనే మాటే. ఇంట్లో నువ్వు భోజనానికి పిలిచినా వాడు అదే అనేవాడు కాబట్టి ఇట్టే నమ్మావు. వాడి మాటను వాడి మీదికే వాడుకున్నాను. ఛీ, ఇంతకంటే నీచం ఉంటుందా?

నీ ముందు గదిలో మేకు ఖాళీగా ఉంటుంది. వాడి ఫోటో పెట్టవేమమ్మా అని ఒకసారి మా ఆవిడ అడిగితే, "పిలిస్తే రాని మనిషిని గోడ మీద పెట్టుకుని ఏం చేసుకోను అక్కా?" అన్నావు. నేను పక్కనే కూర్చుని టీ తాగుతున్నాను. తేలు కుట్టిన దొంగలా మింగి ఊరుకున్నాను.

అప్పటినుంచి నేను స్విచ్చు దగ్గర నిలబడలేదు. ఎవరెంత చెప్పినా షాఫ్టులోకి నేనే దిగుతున్నాను. "ఈ వయసులో మీకెందుకు సార్?" అంటారు మావాళ్లు. పైన ఎవడో నా ప్రాణం కాస్తుంటే కొంచెం తేలిగ్గా ఉంటుంది, ఏం చెప్పను వాళ్లకి! కానీ షాఫ్టులో గాలి పైకి లాగుతుంది, సన్నగా ఈల వేస్తుంది. రెండుసార్లు. సరిగ్గా రెండుసార్లే. పట్టపగలు, చేతిలో పానా ఉన్నచోటే వదిలేసి పైకొచ్చేస్తాను. కొత్త తీరమైతే వాడు ఉండడనుకున్నాను. వాడు నాకంటే ముందు బూట్ల కొట్టుకే వచ్చి కూర్చున్నాడు.

ఇక నీ ఇష్టం.

దోషి,
నీ బావగారు


బావగారికి,

మీ ఉత్తరం స్టాఫ్ రూములో విప్పాను, పరీక్ష కాగితాలు దిద్దుతూ. నాలుగో పీరియడుకి వెళ్లలేదు. డ్రాయింగు టీచరు వచ్చి "ఒంట్లో బాగాలేదా?" అంటే అవునన్నాను. అబద్ధం ఎంత సులువుగా వస్తుందో అప్పుడు తెలిసింది, అది మాత్రం మీకు ఒప్పుకుంటాను.

మీరు గాలం ముట్టుకున్నందుకు కాదు నా కోపం. చేపలు ఎగబడుతుంటే ఎవరైనా ముట్టుకుంటారు, ఆయనైనా అంతే. నా కోపం ఆ మాట మీద. "ఇంకొక్కటి" అట! మూడేళ్లు ఆ మాటతో కాపురం చేశానండీ నేను. కూరలు తరుగుతూ గోడనడిగేదాన్ని, "నేను ఎక్కువా, ఇంకొక్క చేప ఎక్కువా?" అని. ఆయన స్వెట్టర్లన్నీ కసికొద్దీ ఎవరికో ఇచ్చేశాను. ఒక్కటీ ఉంచుకోలేదు. చచ్చిపోయిన మనిషిని, చెయ్యని తప్పుకి, రోజూ తిట్టాను. ఆయనకి జవాబు చెప్పుకునే నోరు లేదు. మీకుంది. మీరు టీ తాగారు.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టానో తెలుసా? సెలవులకీ కాదు, చేపలకీ కాదు. నేనూ ఒకసారి గాలం పట్టుకుని నిలబడి చూద్దామనుకున్నాను, పెళ్లాన్ని మరిచిపోయేంత గొప్ప ఏముందో ఆ నీళ్లలో అని. తెలిసిన తీరంలో నిలబడితే ఆయన్ని తిట్టిపోస్తానని భయమేసి కొత్తది అడిగాను. ఇప్పుడు చూడాల్సింది ఏమీ లేదు.

నిన్న పెట్టెలోంచి ఆయన ఫోటో తీసి, దాని ముందు కూర్చుని తప్పయిపోయిందని చెప్పుకున్నాను. ఏడ్చాను. ఆకలేసింది, తిన్నాను, మళ్లీ ఏడ్చాను. మిమ్మల్ని క్షమించానని రాయమంటారా? రాయను. రాస్తే అది మీ అబద్ధానికి తోడు నాదొకటి. కానీ మీరు చెప్పకుండానే ఉండిపోవచ్చు కదా, చెప్పారు. అందుకని టిక్కెట్టు చింపలేదు, అక్క మొహం చూసి కాదు, ఎవరి మొహం చూసీ కాదు.

నాకొకటి కావాలి. మీరిచ్చిన ఆఖరి మాట మీరే తీసేసుకున్నారు. ఇప్పుడక్కడ ఏమీ లేదు. ఆయన నిజంగా ఆఖరున ఏమన్నారు? "ఎర డబ్బా అందించు" అన్నా సరే, మిమ్మల్ని తిట్టినా సరే. ఆయన అన్నది అన్నట్టు రాయండి, ఈసారి మీ చెయ్యి పెట్టకండి. అది చదివాకే రైలెక్కేదీ లేనిదీ తేల్చుకుంటాను.

మరదలు


అమ్మా,

శనివారం ఉదయం ఆరున్నర బండి. గడియారం కింద బెంచీ దగ్గర ఉంటాను. నువ్వొస్తే కాపలా నువ్వు కూర్చో, రెండు రోజులూ నువ్వే కూర్చో, కింద రాతి మీద నేనుంటాను. నువ్వు ఈల వేస్తావా లేదా అని నేను వెనక్కి తిరిగి చూడను. నువ్వు రాకపోతే బండి వెళ్లిపోయాక ఇంటికెళ్తాను, అక్కడికి ఒక్కణ్ణే వెళ్లను. ఇవన్నీ ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే ఆ మాట రాశాక ఇంకేదీ రాయలేను.

కిందటి ఉత్తరంలో కావాలనే దాటేశాను. నువ్వు పట్టుకున్నావు. గంట మోగాక, నేను వంగి దారం చుడుతుండగా అన్నాడు. వాడు కింద ఎర మారుస్తున్నాడు కాబోలు, తల వంచుకుని అడిగినట్టుంది గొంతు.

"అన్నయ్యా, చూస్తున్నావుగా?" అన్నాడు.

"ఆఁ, చూస్తున్నా" అన్నాను.

నీ బావగారు