పాప తర్వాత వంతు

అమ్మా,

పాప ట్యాబ్‌లో ఏం చూసినా నా ఫోన్‌కు తెలిసేలా పెట్టాను. బొమ్మల వీడియోలు అయ్యాక రోజూ పాస్టరుగారి వాక్యం వస్తోంది. ఐదేళ్ల పిల్ల వాక్యం వింటుందా? ఆయా యాదమ్మ మీద అనుమానం వచ్చింది.

అడిగితే, "మేం చర్చికే పోమమ్మా. పాపనే పెడ్తది" అంది. నేను నమ్మలేదు.

ఈరోజు చెప్పకుండా కొండాపూర్ ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశాను. యాదమ్మ వంటింట్లో ఉంది. నేను హాల్లోకి వచ్చేసరికి పాప ట్యాబ్‌ను అటు తిప్పేసింది. ఏదో దాస్తోందనుకుని లాక్కోబోయాను.

"నా వంతు అయిపోయిందమ్మా. ఇప్పుడు అమ్మమ్మది."

ట్యాబ్, నువ్వు పోయాక ఖాళీగా ఉన్న నీ కుర్చీ వైపు తిరిగి ఉంది. నీకు సరిగా వినపడదని సౌండ్ బాగా పెంచింది.

నేను తగ్గించమనలేదు.