వంతెన గీత మీద విరిగిన నడుము

జిల్లా కార్మికాధికారి గారి సముఖమునకు, తెక్కేపాలం బజారు బస్తాకూలీ పైలీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా నడుము ఏ సంఘం హద్దులో విరిగినదో తేల్చి, ప్రమాద సాయం ఇప్పించుట గురించి.

1. మా కాలువ వంతెన మీద లారీ పట్టదు. తూర్పు ఒడ్డున దిగిన బియ్యం బస్తాలను మా సంఘం వారు వంతెన నడుమ తెల్ల గీత వరకు మోయవలెను. అక్కడి నుండి పడమటి సంఘం వారు మోయవలెను. గీత దాటరాదు. బస్తా కింద పెట్టరాదు. పెడితే మళ్లీ ఎత్తిన కూలి ఎవరిదని కొట్లాట. కనుక తల మీది నుండి తల మీదికే మార్చుట మా ఆచారం.

2. మొన్న వానాకాలం నేను బస్తాతో గీత చేరుసరికి, దానిని అందుకోవలసిన పడమటి సంఘం సుగుణన్, అవతల టీకొట్టులో కూర్చుని యున్నాడు. "ఒరే, నడుము పోతోందిరా, రా!" అని అరిచితిని.

"టీ టైము పైలీ అన్నా! కొట్లాడి తెచ్చింది నువ్వే కదా, తాగనీ!" అన్నాడు.

నిజమే. ఆ విరామం కోసం ఈ వంతెన మీదే నిరాహారదీక్షకు కూర్చున్నవాడను. ఏ మొహం పెట్టుకుని తిట్టను? నిలబడితిని. నడుము పుటుక్కుమన్నది. కాళ్లు ఇవతల, బస్తా అవతల పడినవి.

3. సాయానికి సంఘం కాగితం కావలెనట. మా నాయకుడు మోయిదు, "నువ్వు మావాడివే, కాదన్నానా? మా హద్దులో అని రాస్తే రేపు వాళ్లు గీతను అవతలికి జరిపి మా మోత పెంచుతారు" అంటాడు. అవతలివారు "కాళ్లు మీవైపే కదా" అందురు. సాయమిచ్చే కూలీల బోర్డు గుమాస్తా "ఇంతకీ నడుము ఏ పక్కనుంది?" అని అడిగినాడు. నడుము గీత మీదనే యున్నదండీ.

4. సంఘం దండగ అని తమరు అనుకొనరాదు. సంఘం లేని రోజుల్లో మా నాన్న బస్తా కిందే పోతే, చిరిగిన బస్తాకు కుట్టుకూలి మా అమ్మను అడిగినారు. మంచి కూలి, పండుగ బోనసు, పిల్లల ఫీజు నాకు సంఘమే తెచ్చినది. అందుకే ఎవరిని తిట్టాలో తెలియక చస్తున్నాను.

5. ఇప్పుడు నా భార్య త్రేస్య రొయ్యలు ఒలిచే షెడ్డుకు పోతున్నది. అక్కడ సంఘం లేదు. టీ అడిగిన మనిషిని మర్నాడు రావద్దన్నారట. వేళ్లు నాని తెల్లబడి ఇంటికొచ్చి, "ఎందుకయ్యా ఈ అర్జీలు, ఎవడు చదువుతాడు?" అంటున్నది. నాకూ అలాగే అనిపిస్తున్నది.

కావున చిత్తగించి, నా నడుమును ఒక పక్కకు తేల్చవలెను. ఏ పక్కైనా సరే.

తమ విధేయుడు,
పైలీ

మనవి: విచారణకు రమ్మంటే వస్తాను. తమ ఆఫీసు పడమటి ఒడ్డున ఉంది. మావాళ్లు నన్ను మంచంతో సహా గీత దాకా మోస్తారు, అక్కణ్ణుంచి వాళ్లు అందుకోవాలి. మంచం కింద పెట్టకూడదు. దయుంచి టీ వేళకు మాత్రం పిలవకండి. మావాళ్ల నడుములు కూడా పోతాయి.